తువ్వాలు మడతలో పంటి ముక్క

సోమవారం సాయంత్రం కోయంబత్తూరు గాంధీపురంలోని ఆ మేడమీది ఆఫీసుకు ముత్తుసెల్వి వచ్చేసరికి ఆమె కాళ్ళకు చెప్పులు లేవు. మెట్ల కింద విడిచి వచ్చిందనుకుంది మోనిక. కాదు, సూలూరు అవతల మిల్లు క్వార్టర్స్ నుంచి అలాగే బస్సెక్కి వచ్చేసింది.

"మోనికా, మీ మేడమ్‌తో చెప్పే. మా ఆయన్ని పోలీసులు పట్టుకపోయినారు. ఆయన పల్లు చూసి పట్టుకపోయినారు!"

ముత్తుసెల్విది మోనిక అమ్మమ్మ వీధి. చిన్నప్పుడు చర్చికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిన అక్క ఈ రోజు తలుపు పట్టుకుని నిలబడింది.

లోపలి గదిలోంచి వేదవల్లి బయటికి వచ్చింది. వయసు యాభై నాలుగు. ఇన్సూరెన్స్ కంపెనీలో ఇరవై ఏళ్ళు దొంగ క్లెయిములు పట్టుకుని, ఆ ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న మనిషి. ఆమె దగ్గర చేరి మోనికకు మూడేళ్ళయింది. ఆ మూడేళ్ళలో ఆమె గొంతు పెంచి మాట్లాడటం మోనిక వినలేదు.

"కూర్చో అమ్మా. ముందు నీళ్ళు తాగు. ఎవరు పోయారు, ఎప్పుడు? మొదటి నుంచి చెప్పు."

ముత్తుసెల్వి చెప్పింది. మిల్లు యజమాని కృష్ణరాజ్‌ను ఆ రోజు తెల్లవారుజామున ఎవరో చంపేశారు. దూది గోడౌన్‌లో వెనక నుంచి, బేళ్ళనే దూది మూటలకు కట్టే ప్లాస్టిక్ పట్టీని మెడకు బిగించారు. ఏడు గంటలకు వాచ్‌మన్ శవాన్ని చూశాడు. పోలీసులు పెద్దాయన భుజం మీది తువ్వాలు విప్పితే, మడతలో విరిగిన పంటి ముక్క దొరికింది. ముత్తుసెల్వి భర్త, బేళ్ళు మోసే కాళికి పైవరస ముందు పన్ను విరిగి ఉంది. పైగా శుక్రవారం అతను క్వార్టర్స్ ఖాళీ చెయ్యనని పెద్దాయనతో అందరి ముందు గొడవ పడ్డాడు. ఆ పొద్దున గోడౌన్ తాళం తీసిందీ అతనే. మధ్యాహ్నానికల్లా జీపెక్కించారు.

"ఆ పల్లు ఇరిగి అయిదేండ్లయిందమ్మా! బేళు కొక్కి తగిలి ఇరిగింది. మా పాప చెవులు కుట్టించిన ఫోటోలో గూడా ఉండాది. చూపిస్తే, ఫోటో తేదీ ఎవురైనా మారుస్తారు పో అన్నాడా ఇన్‌స్పెక్టర్. అరెస్టు రేపు రాసుకుని, బుధవారం సాయంత్రం కోర్టుకు తీసుకపోతాడంట. ఆ లోపల ఒప్పుకోమని..."

వేదవల్లి ఆ ఫోటోను చాలాసేపు చూసింది. "నీ భర్త ఎత్తెంత?"

ముత్తుసెల్వి తన నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "నా అంతే ఉంటాడు. ఏంటికమ్మా?"

"ఊరికే. ఇంటికి పో. రేపు పొద్దున నేను స్టేషన్‌కు వెళ్తాను."

*

ఇన్‌స్పెక్టర్ పళనివేల్‌కు వేదవల్లి తెలుసు. ఒకప్పుడు ఒక పాత కేసులో ఆమె సాయం తీసుకున్న మొహమాటం కొద్దీ కవరు బల్ల మీద పెట్టాడు. సీలు వేసిన పారదర్శకమైన కవరులో బియ్యపు గింజకంటే కాస్త పెద్ద ముక్క.

"చూడండి మేడమ్. వాడికి పన్ను లేదు, నా దగ్గర ముక్క ఉంది. ఇంకేం కావాలి?"

"ల్యాబ్ రిపోర్టు?"

"దానికి రెండు నెలలు. వాడు ఒప్పుకుంటే రిపోర్టుతో పనేముంది?"

వేదవల్లి భూతద్దం తీసి చూసింది. తర్వాత మోనికకు ఇచ్చింది. ముక్క ముందు భాగం లేత పసుపు. విరిగిన వైపు తెల్లగా, పదునుగా ఉంది.

"శవానికి ఇంకేమైనా దెబ్బ ఉందా?"

"తల వెనక చిన్న గాటు. గింజుకున్నప్పుడు పెద్దాయన తల వెనక్కి విసిరి వాడి మూతి మీద కొట్టాడు. ముక్క విరిగి తువ్వాల్లో పడింది. చిన్న పిల్లాడికైనా అర్థమవుతుంది."

"కృష్ణరాజ్ ఆరడుగుల మనిషి కదా?"

పళనివేల్ చిరాగ్గా చూశాడు. "అయితే?"

"కాళిని ఒకసారి చూస్తాను."

కాళి కటకటాల వెనక గోడకు ఆనుకుని ఉన్నాడు. నోరు తెరవమంటే తెరిచాడు. తమలపాకుల ఎరుపు పళ్ళన్నిటికీ పట్టేసి ఉంది. విరిగిన పంటి అంచు ఏళ్ళ తరబడి అరిగి, నున్నగా, నల్లగా తేలింది.

"నేను చెయ్యలేదమ్మా. తాళం తీసేసి టీకి పోయినాను, అంతే. పెద్దాయన లోపలికి పోయింది గూడా చూడలే."

"తెలుసు," అంది వేదవల్లి. "ఇంకొక్క రోజు. ఏ కాగితం మీదా వేలిముద్ర వెయ్యకు."

*

మంగళవారం పొద్దున్నే దహనం అయిపోయింది. మధ్యాహ్నం వేదవల్లి, మోనిక వెళ్ళేటప్పటికి మిల్లు పక్కనున్న ఆ పెద్ద ఇంటి వసారా నిండా చుట్టాలు. ఒకప్పుడు మిల్లులో నిప్పంటుకున్నప్పుడు క్లెయిము పరిశీలించింది వేదవల్లే. ఆ పరిచయంతో ఆ ఇంటి పిల్లలు ఆమెను అత్తా అంటారు, ఎవరూ ఆపలేదు.

కృష్ణరాజ్ కొడుకు రామ్‌కుమార్ లేచి వచ్చాడు. కళ్ళు వాచి ఉన్నాయి. "వాణ్ని పట్టినారు గదా అత్తా. ఇంక ఏంటికి విచారణ?"

"మీ నైనను చివరిసారి ఎవరు చూశారో తెలుసుకుందామని."

"ఆదివారం రాత్రి అందరం కలిసే తిన్నాము. పొద్దున ఆయన ఎప్పుడు లేచి పోయినాడో ఎవరికీ తెలీదు. బావ మాత్రం పైన బాత్రూంలో ఉన్నాడంట, సద్దు విన్నాడంట." రామ్‌కుమార్ పక్కకు చూపించాడు.

బావ సతీష్‌కుమార్ ఈ ఇంటి అల్లుడు. మిల్లులో ఉత్పత్తి అంతా అతనే చూస్తాడు. పొడుగు మనిషి. తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. తల ఊపాడే కాని మాట్లాడలేదు.

వంటమనిషి మూకాయి ఇత్తడి పళ్ళెంలో గ్లాసులు తెచ్చింది. చావు ఇంట్లో ఇచ్చే పాలు లేని నల్ల కాఫీ. సతీష్ చెయ్యి అడ్డం పెట్టి వద్దన్నాడు. ముసలామె వంటింట్లోకి తిరిగి పోతూ మోనిక దగ్గర నిట్టూర్చింది.

"దినానికి ఆరు లోటాలు తాగే అల్లుడు, కన్నూ! నిన్నటి నుంచి కాఫీ ముట్టుకుంటే ఒట్టు. ఉత్త పాలు, పెరుగన్నం. పుళుసు గూడా వద్దన్నాడు. కొడుకు గూడా తాగతా ఉండాడు, ఈయనకు అంత దుఃఖం!"

పాపం అనుకుంది మోనిక.

ఇంటి ముందు భాగంలోనే కూతురు, సతీష్ భార్య శ్రీరంజని పళ్ళ క్లినిక్. షట్టరు సగం దించి, డాక్టరమ్మ లోపల ఒంటరిగా కూర్చుని ఉంది. గోడ మీద తమిళంలో రోగులకు సూచనల పలక. మోనిక అలవాటు కొద్దీ చదివింది: పళ్ళు పీకించుకున్నవాళ్ళు పుక్కిలించకూడదు, క్లిప్పులు వేసుకున్నవాళ్ళు మురుకులు కొరకకూడదు, పంటికి బాండింగ్ అనే అతుకు వేయించుకున్నవాళ్ళు రెండు రోజులు కాఫీ, టీ, పసుపు వేసిన పులుసు, తమలపాకు ముట్టకూడదు.

"అమ్మా, ఒక సంగతి చెప్పు," అంది వేదవల్లి, పక్కనే స్టూలు లాక్కుని. "ముందు పన్ను ఇంత ముక్క విరిగితే..." చిటికెన వేలి గోరు కొస చూపించింది. "తెలియకుండా అతకొచ్చా?"

పని గురించి అడిగేసరికి శ్రీరంజని ముఖంలో కాస్త ప్రాణం వచ్చింది. "విరిగిన ముక్క తెస్తే అదే అతికిస్తాము అత్తా. లేకుంటే కాంపోజిట్ ముద్ద పెట్టి, పంటి ఆకారానికి దిద్ది, నీలి లైటుతో గట్టిపరుస్తాము. రంగు మాత్రం మొదటే చూసుకోవాల. నోరు తెరిచి పెడితే పన్ను ఆరిపోయి తెల్లగా కనిపిస్తుంది, అప్పుడు చూస్తే రంగు తప్పిపోతుంది. నలభై నిమిషాల పని. సరిగా చేస్తే పగటి వెలుగులో నా పని నేనే కనిపెట్టలేను."

"ఎప్పటికీ ఎవరూ కనిపెట్టలేరా?"

"మా మిల్లువాళ్ళయితే పడతారు! తమిళ్‌సెల్వన్ అని కోన్ల గది సూపర్‌వైజర్, రెండేళ్ళ ముందు నేనే చేసినాను. ఆ గదిలో లైటు వేసేసరికి వాడి పన్ను..." నవ్వబోయిన ఆమె సగంలో ఆగిపోయింది. చేతిలోని దూది ఉండను నలుపుతూ ఉండిపోయింది. "నాకు తల నొస్తూ ఉండాది అత్తా."

"పడుకో అమ్మా," అంది వేదవల్లి మెల్లగా.

*

కోన్ల గది అంటే నూలు కండెలను పెట్టెల్లో సర్దేముందు చూసే చీకటి గది. నల్లగుడ్డ కట్టిన కిటికీలు, కప్పుకు ఊదారంగు లైట్లు. ఒక లాటు దూదితో తీసిన కండెలన్నీ ఆ వెలుగులో ఒకేలా మెరుస్తాయి. వేరే సరుకు కలిసిన కండె ఒక్కటున్నా పట్టిచ్చేస్తుంది. కోయంబత్తూరు మిల్లుల్లో పనిచేసే ఎవరికైనా తెలిసిన సంగతే. మోనికకు మాత్రం కొత్త.

తమిళ్‌సెల్వన్ లైటు వేశాడు. వందల కండెలు నీలంగా వెలిగాయి. అతను పలకరింపుగా నవ్వాడు. మిగతా పళ్ళు మసక నీలం. ఒక్క పన్ను మూల మాత్రం దీపం ముట్టించినట్లు తెల్లగా మండింది. మోనిక అడుగు వెనక్కి వేసింది.

"బయపడొద్దు సిస్టర్, డాక్టరమ్మ వేలై, ఆమె చేసిన పని ఇది. అందరూ నన్ను ట్యూబ్‌లైట్ అంటారు. సతీష్ సారే పెట్టినాడు ఆ పేరు!"

"రోజూ సతీష్ సారే వచ్చి చూస్తాడా కండెలు?"

"ఆయన చూడంది పెట్టె కదలదు మేడమ్. రేపు కంటైనర్ పోవాల, కాని పావం, మామ పోయిన దుఃఖం. లోపలికే రాలేదు. ఇందాక వాకిట్లో నిలబడి, నువ్వే చూడప్పా అనేసి పోయినాడు."

"పెద్దాయన ఎప్పుడైనా వచ్చేవారా?"

తమిళ్‌సెల్వన్ గొంతు తగ్గించాడు. "శనివారం వచ్చినారు. నలభై కండెలు తేడాగా మెరిస్తే పక్కన పెట్టించినారు. సుద్ధ దూది అని చెప్పి పాలిస్టర్ కలిపినారని కోపం. సోమవారం పొద్దున్నే నేనే గోడౌన్‌కు పోయి బేళ్ళు విప్పించి చూస్తా, ఎవురికీ చెప్పొద్దు అన్నారు."

"నువ్వు చెప్పలేదు."

"సత్తియంగా లేదు మేడమ్. సతీష్ సార్‌కు మాత్రం చెప్పినా. ఆయన మా మేనేజర్ గదా, చెప్పకుంటే తప్పు."

తిరుగు దారిలో కారు నడుపుతూ మోనిక ఇక ఆగలేకపోయింది. "తమిళ్‌సెల్వనే మేడమ్! అతుకు పన్ను వాడిది. పెద్దాయన వస్తారని తెలిసింది వాడికే!"

"వాడి పన్ను రెండేళ్ళుగా ఆ గదిలో మెరుస్తోంది. మిల్లంతా ఎగతాళి చేస్తోంది. ఆ ముక్క నిన్న పొద్దున విరిగింది." వేదవల్లి కళ్ళు మూసుకుంది. "నిన్నటి నుంచి మనకు కనిపించినవాళ్ళలో విరిగిన పన్ను కాళిది ఒక్కటే. అది అయిదేళ్ళ నాటిది. అంటే విరిగిన ఇంకో పన్ను బాగైపోయింది. దాన్ని ఎక్కడ వెతకాలో నాకు తెలుసు. కాని చూసినంత మాత్రాన చాలదు మోనికా. దాన్ని ఏ రోజు అతికించారో ఒక్కరే చెప్పగలరు. ఆ ఒక్కరూ చెప్పకపోతే కాళి రేపు సాయంత్రం జైలుకు పోతాడు."

*

బుధవారం మూడు గంటలు. కోన్ల గదిలో రామ్‌కుమార్, శ్రీరంజని, తమిళ్‌సెల్వన్, తలుపు దగ్గర ముత్తుసెల్వి. పళనివేల్ గడియారం చూసుకుంటున్నాడు. సతీష్ అందరికంటే చివర వచ్చి, తువ్వాలు మూతికి పెట్టుకుని గడప మీదే నిలబడ్డాడు.

"లోపలికి రండి," అంది వేదవల్లి. "కలిసిపోయిన కండెల సంగతి. మీరు లేకుండా ఎట్లా?"

"నాకు ఒంట్లో బాలేదు."

"రా బావా, అయిదు నిమిషాలు," అని రామ్‌కుమార్ చెయ్యి పట్టి లాగాడు. మోనిక తలుపు వేసింది.

"కాళి ఈ హత్య చెయ్యలేదు," వేదవల్లి మొదలుపెట్టింది. "కృష్ణరాజ్ గారు తల వెనక్కి విసిరారు. ఆయన భుజం దాకా కూడా రాని కాళి మూతికి ఆ తల తగలదు, ఆ దెబ్బ వాడి నెత్తి పైనుంచి పోతుంది. కాళి పళ్ళకు తమలపాకు ఎరుపు పట్టేసి ఉంది, మీ కవరులో ముక్కకు ఆ ఎరుపు లేదు. వాడి పంటి అంచు అరిగి నల్లబడింది, మీ ముక్క అంచు కొత్తది. ఇన్‌స్పెక్టర్ గారూ, రెండూ పక్క పక్కన పెట్టి చూశారా?"

పళనివేల్ చెయ్యి జేబులోని కవరు మీదికి పోయింది.

"హంతకుడు పొడుగు మనిషి. పెద్దాయన సోమవారం గోడౌన్‌కు వస్తారని తెలిసినవాడు. ఆయన బేళ్ళు విప్పిస్తే మునిగిపోయేవాడు. పొద్దున్నే పన్ను బాగు చేయించుకున్నాడు. రెండు రోజులు కాఫీ తాగలేదు, పులుసు తినలేదు. అది దుఃఖం అనుకున్నారు అందరూ. రోజూ తనే చూసే ఈ గదిలోకి మాత్రం అడుగు పెట్టలేదు. ఎందుకంటే ఈ లైటు కింద ఏమవుతుందో తెలిసి, తమిళ్‌సెల్వన్‌కు పేరు పెట్టింది ఆయనే."

గదిలో అందరూ సతీష్ వైపు తిరిగారు.

"ఏం మాటలివి?" తువ్వాలు వెనక నుంచి అరిచాడు సతీష్. "రామూ, వింటా నిలబడినావే! ఎవత్తో వచ్చి..."

"లైటు," అంది వేదవల్లి.

తమిళ్‌సెల్వన్ స్విచ్ నొక్కాడు. తెల్లచొక్కాలు, కండెలు, కళ్ళ తెలుపు నీలంగా తేలాయి. సతీష్ ముఖం కింది సగం తువ్వాలు వెనకే ఉంది.

"తీసెయ్ బావా," అన్నాడు రామ్‌కుమార్. "తీసేసి చూపిస్తే అయిపోయింది గదా."

సతీష్ తియ్యలేదు. పెదవులు బిగబట్టినట్లు గుడ్డ మీదే తెలుస్తోంది. అవతల యంత్రాల హోరు ఒక్కటే.

అప్పుడు శ్రీరంజని అతని ఎదురుగా వచ్చి నిలబడింది. చెయ్యి చాచి తువ్వాలు దించింది.

"నోరు తెరవండి," అంది. రోజూ రోగులతో అనే గొంతుతోనే, గట్టిగా కాదు, కోపంగా కాదు.

అతను ఆమె కళ్ళలోకి చూశాడు. "రంజీ, నీకు చెప్పినాను గదా, బాత్రూంలో..."

మాట్లాడటానికి నోరు తెరవక తప్పలేదు. పైవరసలో ఎడమ పక్క పన్ను మూల తెల్లగా మండింది.

ముత్తుసెల్వి చేతులు రెండూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏదో అతుకు," సతీష్ వెనక్కి జరిగాడు. "ఎప్పటిదో! పెండ్లికి ముందుది. పల్లు అతికించుకుంటే హత్యా?"

వేదవల్లి అతన్ని చూడటం లేదు. శ్రీరంజనినే చూస్తోంది. "అమ్మా, నేను నిన్ను బలవంతపెట్టను. ఆయన చెప్పింది నిజమైతే నిజమని చెప్పు. నీ మాట మీద ఒక మనిషి ప్రాణం ఉంది. ఇంకో మనిషి ప్రాణం కూడా."

"రంజీ," అన్నాడు సతీష్. "మన పిల్లను తలుచుకో."

శ్రీరంజని తమ్ముడి వైపు తిరిగింది. అందరికీ చెప్పినా, చూపు మాత్రం రామ్‌కుమార్ మీదే ఉంది.

"సోమవారం ఆరుంబావుకు వచ్చినాడురా. బాత్రూంలో జారి కుళాయికి తగిలిందన్నాడు. ముక్క యాడ అంటే నీళ్ళల్లో పోయిందన్నాడు. నొప్పిగా ఉందా అని పదిమాట్లు అడిగినాను. చేసి ముగించి చెయ్యి కడుక్కుంటా ఉంటే, నైన పోయినాడని కబురు వచ్చింది. ఎవరికీ చెప్పొద్దన్నాడు. మామ శవం ఉంటే అల్లుడు పల్లు దిద్దించుకుంటా ఉన్నాడని ఊరంతా నవ్వుతుంది అన్నాడు. నిజమే అనుకున్నాను. పోలీసులు కాళిది అన్నారు, అదీ నిజమే అనుకున్నాను. నిన్న అత్త అడిగినాక... అడగాల్సినవాణ్ని నేను అడగలేదు. రాత్రంతా పక్కనే పడుకుని అడగలేదు."

ఆమె ఫోను తీసింది. "ఏ కేసైనా చేసేముందు ఒక ఫోటో, చేసినాక ఒక ఫోటో తీస్తాను. అలవాటు. నా ఫోన్లో తుడిచేసినాడు. క్లినిక్ కంప్యూటర్‌లోకి దానంతటదే పోతుందని ఆయనకు తెలీదు. ఇందాకే తీసుకున్నాను."

పళనివేల్ ఫోను అందుకున్నాడు. విరిగిన పన్ను, దగ్గరగా, స్పష్టంగా. కింద తేదీ, ఆరు గంటల ఇరవై నిమిషాలు. జేబులోంచి కవరు తీసి పక్కన పెట్టాడు. ముక్క వంపు, పంటి మీది గంటు ఒకదానిలో ఒకటి కూర్చున్నాయి. భూతద్దం అక్కర్లేకపోయింది.

సతీష్ తలుపు వైపు రెండడుగులు వేశాడు. రామ్‌కుమార్ అతని గల్లా పట్టుకుని గోడకు నొక్కాడు. "మా నైనను... బేళు పట్టీతో... బావా!" కొట్టడానికి ఎత్తిన చెయ్యి మళ్ళీ దించేశాడు.

"పోలీసుకు అప్పగిస్తానన్నాడు," అన్నాడు సతీష్. "రెండేండ్లుగా నేను పాలిస్టర్ కలిపిన సరుకు బయటికి తీసి, మిల్లు గేటు దగ్గర అందరి ముందు నిలబెడతానన్నాడు. అల్లుణ్ని! కాళ్ళు పట్టుకున్నా వినలేదు."

పళనివేల్ అతని చేతులు వెనక్కి విరిచాడు. తమిళ్‌సెల్వన్ మామూలు లైటు వేసేసరికి సతీష్ నోట్లో అన్ని పళ్ళూ ఒకే రంగులో ఉన్నాయి. ఎక్కడా తేడా లేదు. శ్రీరంజని ఆ పని వైపు ఒక్కసారి చూసి, గది మూలకు పోయి వాంతి చేసుకుంది.

*

చీకటి పడకముందే కాళిని వదిలారు. ముత్తుసెల్వి స్టేషన్ మెట్ల దగ్గర నిలబడి ఉంది. మోనిక ఆమె పక్కన. కాళి నిదానంగా దిగి వచ్చాడు. ఎడమ చెయ్యి నోటికి అడ్డం ఉంది.

"ఏమయ్యా, చెయ్యి తియ్యి," అంది ముత్తుసెల్వి. తియ్యలేదు. ఆమే మణికట్టు పట్టుకుని దించింది.

కింది వరసలో రెండు పళ్ళు లేవు. చిగుళ్ళు నల్లగా ఉబ్బి ఉన్నాయి.

"వేలిముద్ర వెయ్యలేదమ్మా," అన్నాడు వేదవల్లితో, మాట సరిగా తిరగక. "రాత్రి శానా అడిగినారు. వెయ్యలే."

ముత్తుసెల్వి ఏడవలేదు. కొంగు తడిపి అతని మూతి తుడవసాగింది. పళనివేల్ కిటికీలోంచి చూసి లోపలికి తప్పుకున్నాడు.

మూడేళ్ళలో మొదటిసారి వేదవల్లి గొంతు పెరిగింది. వీధిలో పోయేవాళ్ళు తిరిగి చూశారు.

"ఇన్‌స్పెక్టర్ గారూ! బయటికి రండి. మోనికా, ముందు ఇతన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళు. పళ్ళు ఎప్పుడు విరిగాయో డాక్టరు చేత రాయించు, గంటతో సహా."

మోనిక కాళి భుజం కింద చెయ్యి వేసింది. అతను ఎంత తేలిగ్గా ఉన్నాడో అప్పుడే తెలిసింది ఆమెకు. ముగ్గురూ కారు వైపు నడుస్తుంటే, వెనక స్టేషన్ మెట్లెక్కుతున్న వేదవల్లి చెప్పుల చప్పుడు వినిపించింది.